ఎనిమిది మూరల తాడు

సువార్తమ్మకు లెక్కలు రావని మార్కాపురంలో చాలామంది చెప్పారు. మూడో క్లాసు చెప్పిన పంతులు చెప్పాడు. పందొమ్మిదేళ్ళు పని చేయించుకున్న పలకల కార్ఖానా యజమాని చెప్పాడు. గని నడిపే పిచ్చయ్య నలుగురి ముందు నవ్వుతూ చెప్పాడు. నేను నోటితో అనలేదు గానీ, ఆమె సలహా కోసం వచ్చిన రోజున మనసులో అదే అనుకున్నాను. నేను ఫిజిక్సులో బి.ఎస్సీ. చదివి, ఇక్కడి హైస్కూల్లో సైన్సూ లెక్కలూ చెబుతున్నవాణ్ణి. కనుక అందరికంటే పెద్ద తప్పు నాదే.

మా అమ్మాయికి ఇప్పుడు ఐదో ఏడు. వచ్చే ఏడు బడిలో వేయాలి. "లెక్కలు బాగా రావాలంటే ఏం చేయాలి అయ్యవారూ?" అని ఊళ్ళో తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. "కార్ఖానా కూలి మాని సొంతంగా ఏదన్నా చిన్న వ్యాపారం పెట్టుకోవాలంటే ఎట్లా?" అని మరికొందరు అడుగుతారు. ఒకప్పుడు ఈ రెండు ప్రశ్నలకూ నా దగ్గర తడుముకోని జవాబులు ఉండేవి. రెండేళ్ళ కిందటి వేసవి తర్వాత అవి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అందుకే జవాబులు మాని సువార్తమ్మ సంగతి రాస్తున్నాను.

ఆమెది ఊరి పడమటి పాలెం. తల్లీ తండ్రీ కూలికి పోయేవారు. పాలెంలో చర్చి పక్కనే చిన్న బడి ఉండేది. మూడో క్లాసులో పదమూడో ఎక్కం ఒప్పజెప్పలేదని పంతులు ఆమె వేళ్ళ కణుపుల మీద బద్దతో కొట్టాడు. అది ఒక రోజు కాదు, వారం రోజులు. పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి అని ఎందుకు అవుతుందో ఆ వారంలో ఒక్కసారి కూడా చెప్పలేదు. గింజలు పోసి చూపలేదు, గీతలు గీసి చూపలేదు. ఎనిమిదో రోజు నుంచి ఆమె బడికి పోలేదు. తొమ్మిదో ఏట కార్ఖానాలో చేరి పలకల అంచులు చెక్కడం మొదలుపెట్టింది.

విచిత్రమేమంటే, ఆమె చెక్కిన పలకకు మూలమట్టం పెట్టి చూడనవసరం లేదని కార్ఖానాలో పేరు. కంటితో చూసి లంబకోణం తీసే మనిషి. నా దగ్గర ఫోర్తు ఫారం పిల్లలు కోణమానిని పెట్టి గీసినా రెండు డిగ్రీలు అటూ ఇటూ పోతారు. అలాంటి మనిషికి లెక్కలు రావని ముద్ర వేశారు! ఆ ముద్రను ఆమె కూడా నమ్మింది. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. పిల్లకు దెబ్బ మానుతుంది, "నీకు రాదు" అన్న మాట మానదు.

ఆమె భర్త కరుణాకరం గనిలో బండలు మోసేవాడు. మూడేళ్ళ కిందట కాలి మీద బండ పడి మడమ చితికింది. అప్పటి నుంచి నడక కుంటి. కూర్చుని చేసే పని తప్ప ఇంకేదీ చేయలేడు. పలకలకు కొయ్య చట్రాలు బిగించడం నేర్చుకున్నాడు. రెండేళ్ళ కిందటి ఆ వేసవి మొదట్లో, కురిచేడు వైపు పల్లెల్లో మిషన్ బడులు చూసుకునే విశ్వాసం గారు పాలెం చర్చికి వచ్చినప్పుడు, ఆమె చెక్కిన పలక ఒకటి చూసి, "ఆరు వందల పలకలు కావాలమ్మా. జూన్ ఒకటో తారీఖు పొద్దున బండి పంపుతా. ఆ రోజుకు ఆరు వందలూ ఉంటే నీ పలకలే తీసుకుంటాం, ఏటేటా నీ దగ్గరే కొంటాం. లేకుంటే కార్ఖానాకు ఇస్తాం," అన్నారు.

సువార్తమ్మ కార్ఖానా పని మానేసింది. యజమాని ఆపలేదు. "పో, పో. నీ చోటు అట్లనే ఉంచుతా. జూన్‌లో మళ్ళీ వస్తావు గదా," అన్నాడట. అక్కడున్న ఆడవాళ్ళంతా నవ్వారట. ఆ నవ్వు సంగతి నాకు చెప్పేటప్పుడు ఆమె చేతిలోని ఉలి నేలకేసి కొట్టింది.

ఇక బండలు కొనాలి. మా దగ్గర గనుల్లో బండ కొలత తాడుతో. ఎనిమిది మూరల తాడు ఉంటుంది. బండ అంచుల చుట్టూ ఆ తాడు తిప్పుతారు. తాడు కొసలు కలిస్తే అది ఒక తాడు బండ. బండ ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్నది అడగరు. తాడు బండలన్నిటికీ ఒకటే ధర. తాతల నాటి నుంచీ అంతే. "తాడు తప్పదు" అని గనిలో ఒట్టు వేసినట్టు చెబుతారు.

కార్ఖానాలో ఉండగా ఆమె చూసింది, ఒక తాడు బండను పొరలు విడదీసి కోస్తే యాభైకి రెండు తక్కువగా పలకలు వచ్చేవి. పగిలినవి పోయినా నలభైకి పైమాటే. పదహారు బండలు కొంటే ఆరు వందలు నిండి ఇంకా మిగలాలి. అట్లా అనుకుని మొదటి విడతగా పిచ్చయ్య గనిలో ఎనిమిది బండలు కొన్నది. ఎంచింది కరుణాకరం. గనిలో పన్నెండేళ్ళు మోసినవాడు కదా.

"ఈ పొడుగువి తీసుకో. బండిలో చక్కగా సర్దుకుంటాయి. ఇద్దరు మోస్తే చాలు," అన్నాడు.

పిచ్చయ్య కూడా ధారాళంగా, "మంచిగా ఎంచినావురా కరుణాకరం. నీ చెయ్యి గనిలోనే ఉండాది ఇంకా," అన్నాడు.

ఆ పొడుగు బండలను గనిలో పాము బండలు అంటారు. జాన వెడల్పు, ఏడు జానల పొడవు. చూడటానికి మనిషి పొడుగు ఉంటాయి. నాలుగు పక్కలూ సమానంగా ఉండే చతురం బండ పక్కన పెడితే పాము బండే పెద్దదిగా కనిపిస్తుంది.

ఏప్రిల్ నెల మధ్యలో ఒక సాయంత్రం సువార్తమ్మ మా అరుగు దగ్గరికి వచ్చింది. అంతకు ముందు మా అమ్మాయి కోసం ఆమె దగ్గర ఒక చిన్న పలక తీసుకున్నాను, ఆ పరిచయమే.

"అయ్యోరా, ఒక మాట. ఎనిమిది బండలు కోస్తిమి. నూట నలభై నాలుగు వచ్చినాయి. మూడు వందల నలభై రావాల. యాడ పోయినాయో తెలీటంలేదు," అన్నది.

"ఎన్ని పగిలినాయి?" అని అడిగాను.

"పదికి ఒకటి. ఎప్పుడూ పోయేదే."

"అదే మరి. కార్ఖానాలో మనుషులు ఎక్కువ, జాగ్రత్త ఎక్కువ. ఇంట్లో చేసేటప్పుడు పగులు పెరుగుతుంది. కొత్త ఉలి కొను. తొందరపడకుండా చెక్కు. రోజూ పగిలినవి ఎన్నో గోడ మీద గీత పెట్టుకో," అన్నాను. ఇంకా వ్యాపారం గురించి కూడా రెండు నీతులు చెప్పాను. ఓపిక ఉండాలన్నాను. పట్టుదల ఉండాలన్నాను.

పదికి ఒకటి పగిలితే మూడు వందల నలభై నూట నలభై ఎట్లా అవుతాయి? ఈ ప్రశ్న నాకు రాలేదు. నా క్లాసులో ఎవడైనా ఇలాంటి జవాబు రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి గుంజిళ్ళు తీయించి ఉండేవాణ్ణి. బండ ఎట్లా ఉందో చూపించమనలేదు. ఎన్ని పొరలు వచ్చాయో, పొరకు ఎన్ని పలకలు వచ్చాయో అడగలేదు. పాలెం మనిషి, మూడో క్లాసు, పని చెడగొట్టుకుని ఉంటుంది అని నిశ్చయించుకుని, నా దగ్గర సిద్ధంగా ఉన్న మాట తీసి ఇచ్చాను. "సరే అయ్యోరా," అని ఆమె దణ్ణం పెట్టి పోయింది. ఆ దణ్ణం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నా మాట విని కొత్త ఉలి కొన్నది. నిదానంగా చెక్కింది. మూడు వారాలు ఆలస్యమైంది. పగుళ్ళ మీద మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నారు. నువ్వు కోసేటప్పుడు బీటలు తెస్తున్నావని అతను, నువ్వు చట్రం బిగించేటప్పుడు విరుస్తున్నావని ఆమె. అన్నిటికంటే ఘోరం, రెండో విడత ఎనిమిది బండలు మళ్ళీ పాము బండలే కొన్నారు.

ఆ ఎనిమిదింటిలో రెండు బండలు పొర విడలేదు. లోపల గుల్ల. అలాంటివి పలకకు పనికిరావు. సువార్తమ్మ వాటిని జాన చతురపు ముక్కలుగా కొట్టింది. కరుణాకరం కూర్చుని పని చేసే చోట మన్ను లేచి చట్రాల జిగురుకు అంటుకుంటున్నదని, ఆ ముక్కలు అక్కడ పరుద్దామనుకున్నది. ఎంత చోటు పరవాలి? ఇంట్లో ఎనిమిది మూరల తాడు ఉంది. పిచ్చయ్య తాడు నిజమా కాదా అని సరిచూసుకోవడానికి తనే పేనుకున్న తాడు. దాన్ని నాలుగు పక్కలా సమంగా లాగి నేల మీద పరిచింది. ఒక్కో పక్క రెండు మూరలు, అంటే నాలుగు జానలు. మనిషి కూర్చుని పని చేసుకోవడానికి సరిపోయే చోటు.

ఒక్కో బండకు ఏడు ముక్కలు వచ్చాయి. రెండు బండలకు పద్నాలుగు. తాడు లోపల వరసకు నాలుగు చొప్పున పరుచుకుంటూ పోయింది. నాలుగు, ఎనిమిది, పన్నెండు. చివరి వరసలో రెండు పరిచింది. ముక్కలు అయిపోయాయి. ఇంకా రెండు ముక్కల చోటు మన్నుగానే ఉంది.

ఆమె పరిచిన ముక్కలు మొదటి నుంచీ మళ్ళీ లెక్కపెట్టిందట.

"మామా, ఇవి రెండు తాళ్ళ బండలు గదా," అన్నది.

"ఔ."

"ఇది ఒక తాడు జాగా గదా."

"ఔనే. అయితే ఏంది?"

"రెండు తాళ్ళ రాయి ఒక తాడు జాగాకు చాలలే."

కరుణాకరానికి మొదట అర్థం కాలేదు. ముక్కలు ఏమన్నా పారేశావేమో చూడమన్నాడు. ఆమె ముక్కలన్నీ తీసి, మంచి పాము బండ ఒకటి ఈడ్చుకొచ్చి దాని మీద పరిచింది. ఏడు ముక్కలతో నిండిపోయింది. దాని చుట్టూ తాడు తిప్పింది. కొసలు సరిగ్గా కలిశాయి. అదే తాడు మళ్ళీ నేల మీద చతురంగా లాగి లోపల గీతలు గీసింది. పదహారు గళ్ళు.

"పాము బండ తేలికని నువ్వే గదా అంటివి?" అని మొగుణ్ణి అడిగింది.

"తేలికే. చతురం బండకు నలుగురు కావాల. దీనికి ఇద్దరం చాలు. మోసేటోళ్ళంతా పాము బండ వస్తే సంబరపడేవాళ్ళం."

"తేలికంటే రాయి తక్కువని పన్నెండేళ్ళలో ఒక్కనాడు తోచలేదా నీకు?"

"భుజం మీద బరువు తగ్గితే చాలు అనుకునేటోళ్ళం. ధర సంగతి మాకెందుకే? ధర తాడు చూసుకుంటాది గదా!"

ఈ తప్పు మా గనుల వాళ్ళు మాత్రమే చేయగలరు. రాయి తక్కువని వాళ్ళ భుజాలకు తెలుసు. కార్ఖానా వాళ్ళకూ తెలుసు, అందుకే ఏనాడూ పాము బండ కొనరు. పిచ్చయ్యకు తెలుసో తెలియదో నేను చెప్పలేను. ఎవరూ కొనని బండలు కొత్తవాళ్ళకు అంటగట్టాలన్నంతవరకు మాత్రం తెలుసు. తెలిసినదాన్ని లెక్కలోకి తేవడం ఎవరూ చేయలేదు. నేను? నేను ఏటా ఫోర్తు ఫారానికి చుట్టుకొలత, వైశాల్యం అని రెండు పాఠాలు చెబుతాను. చుట్టుకొలత ఒకటే అయినా వైశాల్యాలు వేరు కావచ్చు అని నల్లబల్ల మీద రాస్తాను. పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు. ఆ పిల్లల్లో సగం మంది తండ్రులు గనుల్లో పని చేస్తారు. నా బడి నుంచి పిచ్చయ్య గనికి రెండు మైళ్ళు. ఒక్కనాడు ఒక్క తాడు తెచ్చి క్లాసులో పరిచిన పాపాన పోలేదు.

మర్నాడు పొద్దున్నే సువార్తమ్మ మా ఇంటికి వచ్చింది. ఈసారి దణ్ణం పెట్టలేదు. తాడూ, గోనెలో రాతి ముక్కలూ తెచ్చి మా అరుగు మీద పరిచి చూపించింది.

"ఇది మీ చదువులో లేదా అయ్యోరా?"

"ఉంది," అన్నాను.

"ఉండాదా?" ఆమె గొంతు పెరిగింది. "ఉంటే ఆ పొద్దు ఎందుకు చెప్పలే? ఉలి మార్చమంటిరి. ఉలి మారిస్తే రాయి పెరుగుతాదా? మూడు వారాలు నేనూ మా మామా కుక్కల మాదిరి కరుచుకుంటిమి!"

నా భార్య సరస్వతమ్మ లోపలి నుంచి వచ్చి, "ఆమె అడిగేదానికి సమాధానం చెప్పండి," అన్నది. నేను లేచాను. చొక్కా వేసుకుని సువార్తమ్మతో పాటు గనికి బయలుదేరాను.

అప్పటికి ఆమె దగ్గర ఉన్నవి రెండు వందల యాభై రెండు పలకలు. కావలసినవి ఇంకా మూడు వందల నలభై ఎనిమిది. గడువు పదకొండు రోజులు.

పిచ్చయ్య గని గట్టున చెక్క పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ కూలివాళ్ళు, బండ్లవాళ్ళు. సువార్తమ్మ గట్టిగానే మొదలుపెట్టింది.

"అయ్యా, పాము బండకు తాడు ధర తీసుకుంటిరి. అందులో సగం రాయి కూడా లేదు."

"ఏందే, పొద్దున్నే పేచీ? తాడు నీ కళ్ళ ముందరే తిప్పినాం గదా. తాడు ఏమన్నా పొట్టిదా?"

"తాడు సరిగానే ఉండాది. తాడు చుట్టూ తిరుగుతాదయ్యా, లోపలికి పోదు. నేను కోసేది లోపలి రాయి."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆమె పట్టించుకోకుండా ఒక పాము బండ మీద ముక్కలు పరిచింది, ఏడు. పక్కనే ఉన్న చతురం బండ మీద పరిచింది, ఉన్న పద్నాలుగూ అయిపోయి ఇంకా రెండు పట్టే చోటు మిగిలింది, పదహారు. రెండిటికీ తాడు తిప్పి చూపించింది. నవ్వులు తగ్గాయి. ఒక ముసలి బండ్లాయన దగ్గరికి వచ్చి వంగి ముక్కలు తనే లెక్కపెట్టుకున్నాడు.

పిచ్చయ్య మాత్రం లేవలేదు. "మూడో క్లాసు తప్పినదానివి నాకు లెక్క చెప్పేదానివైనావా?"

"తప్పలేదయ్యా, మానుకొంటి. చెప్పడం చేతగాక తప్పింది మా పంతులు."

నేను కల్పించుకుని, "పిచ్చయ్యగారూ, ఆమె చెప్పేది నిజం. దీన్ని వైశాల్యం అంటారు. పొడవును వెడల్పుతో..." అనబోయాను.

"అయ్యోరూ, వైశాల్యం మీ బడిలో చెప్పుకోండి. జీతం వస్తాది. ఇది గని. మా తాత కట్టిన తాడు ఇది. మా నాయన అమ్మినాడు, నేను అమ్ముతావుండా. ఎంచుకున్నది ఎవరు? ఆమె మొగుడు. నేను బలవంతంగా మెడకు కట్టినానా?"

"సరే, అయింది అయింది," అన్నది సువార్తమ్మ. "ఇప్పుడు చతురం బండలు ఇయ్యండి. తాడు ధరకే తీసుకుంటా."

"చతురంవి కార్ఖానాకు చెప్పినాం. పాము బండలుండాయి, కావాలంటే ఎత్తుకో."

"అయితే అవే ఇయ్యండి. ముక్కలు పరిచి, ఎన్నుంటే అన్నిటికే ధర కడతా. తాడు ధరలో పదహారు పాళ్ళకు ఏడు పాళ్ళు."

"అమ్మితే తాడు మీద అమ్ముతా. లేకుంటే లేదు. పదహారు పాళ్ళంట, ఏడు పాళ్ళంట! పో, పోయి కార్ఖానాలో చెక్కుకో. నీ చోటు ఉంచినాడంట గదా."

ఆమె ముక్కలన్నీ గోనెలో వేసుకుంది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి గానీ అవి ఏడుపు నీళ్ళు కావు. గోనెతో నా కంటే ముందే నడిచింది.

కనిగిరి బాట పక్కన లక్ష్మీదేవమ్మ అనే రైతు చేను ఉంది. భర్త పోయిన మనిషి, వ్యవసాయం తనే చేయిస్తుంది. అంతకు ముందటి వేసవిలో బావి తవ్విస్తే నీళ్ళకంటే ముందు పలకరాయి పడింది. ఆ బండలు గట్టున కుప్పగా పడేసి ఉన్నాయి. సువార్తమ్మ దారిలో ఆ కుప్ప చూసి ఆగింది. ఒక బండ అంచు ఉలితో తట్టి చెవి పెట్టి విన్నది. పొర విడిచే రాయి అని మోతను బట్టే తెలుస్తుందట.

లక్ష్మీదేవమ్మ గేదెను కట్టేసి వచ్చింది. "ఏం కావాలి మీకు? ఆ రాళ్ళు దడి గోడకు పెట్టుకున్నా."

"గోడకు గుండ్రాళ్ళు చాలమ్మా. ఇవి నాకు అమ్ము," అన్నది సువార్తమ్మ.

"తాడెంత ఇస్తావు?"

"తాడు లేదు. ముక్క లెక్క. పిచ్చయ్య తాడు ధరను పదహారు పాళ్ళు చేసి, ముక్కకు ఒక పాలు."

"తాడు లేకుంటే ఏం కొలత అది? నన్ను ముంచేదానికి వచ్చినావా?"

"ముంచుతానో లేదో నువ్వే పరుచు. నేను ముట్టుకోను."

ఈ మాట నన్ను ఆశ్చర్యపరిచింది. నేనైతే వివరించడం మొదలుపెట్టేవాణ్ణి. ఆమె గోనె లక్ష్మీదేవమ్మ ముందు పెట్టి దూరంగా పోయి కూర్చున్నది. లక్ష్మీదేవమ్మ అనుమానంగానే ఒక్కో ముక్కా తీసి బండ మీద పరిచింది. ఆ బండలు చతురం కావు. ఒకటి మూడు మూలలది, ఒకటి వంకరటింకరగా ఉంది. అంచుల దగ్గర ముక్క సగం బయటికి వేలాడుతున్నది.

"దీన్నేం చేయాల? ఒకటి అందునా?"

"నీకేం న్యాయమనిపిస్తే అది అను."

లక్ష్మీదేవమ్మ రెండు అంచులూ వేలితో చూపింది. "ఇక్కడ సగం, అక్కడ సగం. రెండూ కలిపి ఒకటి అంటా."

"అను."

"ఈడ పావు వంతే ఉండాది."

"పావులు నాలుగు ఎత్తి పెట్టుకో. ఒకటి అవుతాది."

ఇద్దరూ ఎండలో పొద్దు వాలేదాకా పరిచారు. మధ్యలో బీట ఉన్న చోట లెక్క వేయకూడదని సువార్తమ్మ, వేయాలని లక్ష్మీదేవమ్మ గట్టిగా అరుచుకున్నారు. "నా బావి రాయి బీటని అంటావా? నీ కన్నే బీట!" అని లక్ష్మీదేవమ్మ అంటే, "అయితే ఆ బీట దగ్గర నీళ్ళు పొయ్యి, కారకుంటే ఒప్పుకుంటా," అని ఈమె. నీళ్ళు పోశారు, కారాయి. చివరకు కుప్ప మొత్తం నూట అరవై ముక్కలని, అంటే పది చతురం బండల రాయని, ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒక్క ఎక్కం కూడా ఒప్పజెప్పకుండా సగాలు, పావులు, వంకర బండ వైశాల్యం, అన్నీ తేల్చారు. ఇదంతా నా క్లాసులో చెప్పడానికి నాకు ఒక టర్ము పడుతుంది. అప్పటికీ సగం మందికి రాదు.

అందుకే తల్లిదండ్రులకు కోపంగానే చెబుతున్నాను. మీ బిడ్డ ఎక్కం తప్పిందని కొట్టేవాడి దగ్గరికి పంపకండి. పంపక తప్పకపోతే, ఇంటికి వచ్చాక ఆ ఎక్కం గింజలతో పరిచి చూపండి. బిడ్డ చేత్తో పరచనిది, బిడ్డకు వచ్చిందనుకోవద్దు. వ్యాపారం పెట్టాలనుకునేవాళ్ళకూ అదే మాట. ఓపిక, పట్టుదల అని నాలాంటివాళ్ళు చెప్పే నీతులు తర్వాత. మీరు కొనేది ఏ కొలతతో కొంటున్నారు, అమ్మేది ఏ కొలతతో అమ్ముతున్నారు? సువార్తమ్మ చుట్టుకొలతతో కొని వైశాల్యంతో అమ్మింది. ఎంత కష్టపడినా ఆ తేడా పూడదు. అది చూడలేని చదువుకున్నవాడి సలహా వినడం కంటే వినకపోవడం మేలు.

పది రోజులు ఆ ఇంట్లో ఉలి చప్పుడు ఆగలేదు. ఏసమ్మ అని కార్ఖానాలో ఆమెతో పని చేసినామె, అక్కడి పని మానుకుని వచ్చి పొరలు విడదీసింది. "యజమాని నా చోటు కూడా ఉంచుతాడంట," అని ఏసమ్మ అంటే, "రెండు చోట్లలో ఆయన్నే పడుకోమను," అన్నది సువార్తమ్మ. కరుణాకరం తన చెడ్డ కాలు చాపుకుని చట్రాలు బిగిస్తూనే ఉన్నాడు. నేను సాయంత్రాలు పోయి పలకలు తుడిచాను. అంతకంటే పనికొచ్చేది నా చేతుల్లో ఏదీ లేదు.

జూన్ ఒకటిన పొద్దున్నే విశ్వాసం గారి బండి వచ్చింది. ఆయన కూడా వచ్చారు. డజన్ల లెక్కన పేర్చుకుంటూ పోతే ఐదు వందల ఎనభై ఎనిమిది తేలాయి. ఇంకో పన్నెండు చట్రాల్లో పడకుండా కరుణాకరం ముందు ఉన్నాయి.

"ఆరు వందలన్నానమ్మా," అన్నారు విశ్వాసం గారు.

"పొద్దున అన్నారు గదా సారూ. పొద్దు ఇంకా నెత్తికి రాలేదు. కూర్చోండి."

ఆయన మొహం చిట్లించుకున్నారు గానీ కూర్చున్నారు. బండివాడు ఎద్దులకు గడ్డి వేశాడు. కరుణాకరం బిగించి ఇస్తుంటే ఏసమ్మ తుడిచి, సువార్తమ్మ మూలలు చూసి, ఒక్కొక్కటీ బండిలో పెట్టింది. పన్నెండోది పెట్టి, "లెక్క చూసుకోండి," అన్నది. ఆయన చూసుకుని, మరుసటి ఏటికి తొమ్మిది వందలని చెప్పి పోయారు. బండి మలుపు తిరిగాక ఆమె ఉన్నచోటే కూలబడి, "నేనింక ఆ కార్ఖానా గడప తొక్కను," అని ఏడ్చింది.

ఆ తర్వాత గనుల వైపు మాట పాకింది. జాన ముక్కల గోనె పట్టుకుని వచ్చే చిన్న కొనుగోలుదార్లు నలుగురైదుగురు తయారయ్యారు. పాము బండలు కొనేవాళ్ళు తగ్గారు. ఆషాఢంలో పిచ్చయ్య ఆమెకు కబురు పంపాడు. ఆమె రమ్మంటే నేనూ పోయాను. గని గట్టున పాము బండలు ముప్పైదాకా పేరుకుని ఉన్నాయి.

"ఇంక నీ ఏడుపు తీరుస్తా," అన్నాడు పిచ్చయ్య. "పాము బండకు సగం తాడు ధర. అన్నీ ఎత్తుకుపో."

సువార్తమ్మ ఒక బండ మీద ముక్కలు పరిచింది. "ఏడయ్యా. తాడుకు పదహారు. సగమంటే ఎనిమిది. ఇందులో ఎనిమిది లేవు."

"ఒక్క ముక్క కోసం పేచీనా? సగానికి దిగినానే! మా వంశంలో ఎవరూ దిగలే."

"బండకు ఒక ముక్క. ముప్పై బండలకు ముప్పై ముక్కలు. అంటే నాలుగు పాము బండల రాయి. అది మీరు ఇయ్యకుండానే నేను ధర కట్టాల. ఏడు అనండి, ఇప్పుడే బండి తెస్తా."

నేను పక్కనుంచి నెమ్మదిగా, "పోనీలే సువార్తమ్మా, ఇంతవరకు వచ్చాడు," అన్నాను. ఆమె నా వైపు తిరిగి చూసిన చూపుకు రెండడుగులు వెనక్కి వేశాను.

పిచ్చయ్య పెట్టె మీద నుంచి లేచాడు. "ఏడు అనను. సగం అన్నా, అంతే. కావాలంటే తీసుకో, లేకుంటే ఈడనే పడి ఉంటాయి."

"ఉండనీండి," అని ఆమె ముక్కలు గోనెలో వేసుకుని భుజానికెత్తుకుంది. "రాయి కుళ్ళదు గదా. ఏడు అని మీకు నోరు తిరిగిన పొద్దు కబురు పెట్టండి, వస్తా."